మెత్తగా ఉందని కొనకండి: పష్మీనా నాణ్యత గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద నాలుగు గుడ్డలు పరిచాం. బూడిద రంగుది, ఎర్రది, నీలం గళ్ళది, చివరన అంచు నిండా పువ్వులున్న తెల్లది. లోపలికి వస్తూ మీలో చాలామంది తాకి చూశారు. ఎక్కువ చేతులు ఆగింది ఎర్రదాని దగ్గర. వెన్నలా జారుతుంది, మెరుస్తుంది, చల్లగా ఉంటుంది. అది విస్కోస్ అండీ. చెట్ల గుజ్జు నుంచి తీసిన దారం. పష్మీనా వచ్చేది మేక నూగు నుంచి; మేకకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. (నవ్వులు) బూడిదది చేత్తో వడికి, చేత్తో నేసిన కశ్మీరీ పష్మీనా. దాన్ని ముట్టుకుని "ఇదేంటి, కాస్త పొడిగా ఉంది" అన్నారు కొందరు.

కాబట్టి మొదటే చెప్పేస్తాను. దుకాణంలో నిలబడినప్పుడు వేళ్ళ మాట వినకండి. మెత్తదనాన్ని చివరి గంటలో సిలికాన్ మందుతో తెప్పించవచ్చు, బ్రష్‌తో రేపి తెప్పించవచ్చు. రెండు మూడు ఉతుకుల్లో అది పోతుంది. మంచి పష్మీనాలో పని జరిగిన ప్రతి చోటా గుడ్డ మీద ఒక జాడ మిగులుతుంది. ఆ జాడల్ని కంటితో వెతకడం నేర్చుకోవాలి. ఈ గంటా దాని గురించే.

ముందు పేరు సంగతి. పారసీలో పష్మ్ అంటే ఉన్ని. దాంతో చేసింది పష్మీనా. ఇంగ్లీషువాళ్ళు కశ్మీర్ పేరునే గుడ్డకు పెట్టి కాష్మియర్ అన్నారు. ఇప్పుడు బజార్లో పష్మీనా అంటే పొడుగాటి స్టోల్ అనే అర్థం స్థిరపడిపోయింది, అందులో ఏ దారం ఉన్నా సరే. మనకూ ఇలాంటి మాట ఒకటుంది: దుశ్శాలువా. వినగానే ఏదో దోషం ఉన్నట్టనిపిస్తుంది గానీ, అది పారసీ 'దోషాలా'. దో అంటే రెండు. శాలువాల జత అన్నమాట. రెండింటినీ వీపుకి వీపు పెట్టి వేసుకుంటే తిరగవైపు ఎవరికీ కనబడదు. ఈ తిరగవైపు విషయానికి మళ్ళీ వస్తాను, గుర్తుపెట్టుకోండి. మన సన్మాన సభల్లో కప్పేవి చాలావరకు అక్రిలిక్ మరనేతలు. వాటి జోలికి ఈ రోజు పోవడం లేదు.

మేక దగ్గర మొదలుపెడదాం. లద్దాఖ్‌లో చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి ఉంది. 4,000 మీటర్ల పైన ఎత్తు. చలికాలంలో సున్నాకి 30 డిగ్రీల కిందకి పోతుంది. చాంగ్‌పాలనే సంచార పశుపోషకులు అక్కడ పెంచే మేకను చాంగ్‌థాంగీ అంటారు, చాంగ్రా అని కూడా. దాని ఒంటి మీద రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన పొడుగాటి ముతక వెంట్రుక, వానకీ మంచుకీ. దాని అడుగున, చర్మాన్ని అంటుకుని, నూగు. చలి కోసం పెరిగిన ఆ నూగు వసంతం చివర దానంతట అదే వదులవుతుంది. అప్పుడు మేకను పట్టి దువ్వుతారు. కత్తిరించేస్తే పని త్వరగా అయిపోతుంది కదా అంటారేమో. కత్తిరిస్తే ముతక వెంట్రుకా నూగూ కలిసిపోతాయి, పైగా నూగు పొడవు తగ్గుతుంది. ఆ రెండు తప్పులకీ చివర్లో శాలువా మూల్యం చెల్లిస్తుంది.

ఒక మేక నుంచి ఏడాదికి వచ్చే ముడి సరుకు 250 గ్రాములు అనుకోండి, కాస్త అటూ ఇటూ. అందులోంచి ముతక వెంట్రుక, దుమ్ము, చర్మపు పొట్టు తీసేస్తే సగం కూడా మిగలదు. 100 గ్రాముల లోపే. ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉన్న సాదా శాలువా సుమారు 200 గ్రాములు తూగుతుంది. వడకడంలో, నేతలో పోయే తరుగు కూడా కలుపుకుంటే ఒక శాలువాకి కనీసం మూడు మేకల ఏడాది నూగు కావాలి. లద్దాఖ్ మొత్తం మీద ఏటా వచ్చే ముడి పష్మ్ 50 టన్నుల ప్రాంతం. ప్రపంచంలో అమ్ముడయ్యే కాష్మియర్‌లో అధిక భాగం చైనా, మంగోలియాలదే. అలాంటప్పుడు ఐదొందల రూపాయలకు 'అసలైన పష్మీనా' అని ఎవరైనా చేతిలో పెడితే, పరీక్ష దాకా పోనక్కర్లేదు. లెక్క చాలు.

ఇప్పుడు సన్నదనం. నూగు పోగు అడ్డుకొలతను మైక్రాన్లలో చెబుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. చాంగ్‌థాంగీ నూగు 12 నుంచి 15. మంచి మెరినో గొర్రె ఉన్ని 17, 18 దగ్గర ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం సగటు 19 మైక్రాన్లు దాటకుండా, 30 మైక్రాన్లు మించిన పోగులు బరువులో 3 శాతం దాటకుండా ఉంటే 'కాష్మియర్' అని రాసుకోవచ్చు. అంటే 18.5 ఉన్నదాని మీదా '100 శాతం కాష్మియర్' అనే ఉంటుంది, 14 ఉన్నదాని మీదా అదే ఉంటుంది. రెండూ నిజమే. రెండింటికీ ధరలో, ఒంటి మీద అనుభవంలో ఎంత తేడానో చీటీ చెప్పదు. అందుకే ఆ 100 శాతం అనే అంకెను చూసి సంతోషపడకండి.

సన్నదనం గురించి అందరూ మాట్లాడతారు, పొడవు గురించి ఎవరూ అడగరు. నా లెక్కలో పొడవే ముఖ్యం. మంచి చాంగ్‌థాంగీ నూగు సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. దారం అంటే ఏమిటి? పోగుల్ని పక్కపక్కన పెట్టి పురి ఎక్కించడమే. పోగు పొడుగ్గా ఉంటే దాని చివరలు తక్కువ, పురిలో గట్టిగా ఇమిడిపోతాయి. పోగు పొట్టిదైతే మీటరు దారంలో చివరలు ఎక్కువ, అవన్నీ బయటికి తొంగి చూస్తాయి. రాపిడికి ఆ చివరలు లేచి, ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కడతాయి. కొత్త స్టోల్ మీద మెడ దగ్గర, బ్యాగు తగిలే చోట పది రోజుల్లో ఉండలు కట్టాయంటే పొట్టి నూగు వాడారు, లేదా పురి చాలలేదు, లేదా పైన బాగా బ్రష్ కొట్టారు. కొద్దిపాటి ఉండలు మొదట్లో అసలైనదానికీ వస్తాయి, వదులుగా ఉన్న పోగులు పోయాక ఆగిపోతాయి. ఆగకుండా వస్తూనే ఉంటే అది సరుకు లోపం.

ఇక వెంట్రుక ఏరడం. లేహ్‌లో ఈ పని చేసే యంత్రం ఉంది. శ్రీనగర్ ఇళ్ళలో ఆడవాళ్ళు చేత్తోనే ఏరతారు, నిలువుగా పెట్టిన దువ్వెన మీద నూగును మళ్ళీ మళ్ళీ లాగుతారు. యంత్రం వేగం ఎక్కువ, కొన్ని పోగులు తెగి పొట్టివవుతాయి. చెయ్యి ఆలస్యం, పొడవు దక్కుతుంది. ఆ తర్వాతి మెట్టు మన వంటింటిదే: బియ్యప్పిండి. దువ్విన నూగును పిండిలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. పిండి జిడ్డుని లాగేస్తుంది. ఆపైన దులిపి, దువ్వి, వడకడానికి సిద్ధం చేస్తారు.

ఈ ఏరడంలో అశ్రద్ధ జరిగితే ఎలా తెలుస్తుంది? ముతక వెంట్రుకకు రంగు సరిగా పట్టదు. ముదురు రంగు శాలువాని కిటికీ దగ్గర వంచి పట్టుకుంటే, తెల్లగా, బిరుసుగా, నేత నుంచి పైకి పొడుచుకొచ్చిన పోగులు కనిపిస్తాయి. అరచేతిలో కాదు, మణికట్టు లోపలి వైపు, మెడ మీద పెట్టి చూడండి, గుచ్చుతాయి. చేతిపనిలో అక్కడక్కడా ఒకటి రెండు మామూలే. అరచేతి వెడల్పులో పది కనిపిస్తే పక్కన పెట్టేయండి.

వడకడం. కశ్మీరీ రాట్నాన్ని యెండర్ అంటారు. మన రాట్నానికి అక్కగారే. నూగు ఎంత సున్నితమంటే, రోజంతా కూర్చుంటే కొద్ది గ్రాములే దారమవుతుంది. ఒంటి దారం నేతకు ఆగదు కాబట్టి రెండు పేటలు కలిపి ఎదురు దిశలో పురి ఎక్కిస్తారు. 'టూ ప్లై' అని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పేది ఇదే. రెండు పేటలంటే గట్టిదనం కోసం చేసిన పని, అంతే. ముతక నూగుతో రెండు పేటలు వేసినా అది టూ ప్లైనే. అది నాణ్యతకు కొలత కాదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగే మలుపు ఇదే. ఇంత సున్నితమైన నూగు మిల్లు యంత్రంలో వడికితే తెగిపోతుంది. అందుకని నైలాన్ పోగులు కలుపుతారు, దాదాపు సగానికి సగం కూడా. దారం గట్టిపడుతుంది, మరమగ్గం మీద నేస్తారు. నేశాక ఆ నైలాన్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించేస్తారు. మిగిలింది పష్మీనాయే, ల్యాబులో పెట్టినా పష్మీనా అనే వస్తుంది. కానీ ఆమ్లం తిన్న పోగు బలం పోగొట్టుకుంటుంది, మెరుపు చస్తుంది, రంగు సరిగా పట్టదు. నైలాన్ పోయిన ఖాళీల వల్ల గుడ్డ వదులుగా, చాలా మెత్తగా అనిపిస్తుంది. రెండు చలికాలాలు గడిచాక మడతల దగ్గర చిరుగుతుంది. నైలాన్ బదులు నీళ్ళలో కరిగిపోయే పీవీఏ పోగులు వాడే పద్ధతి కూడా వచ్చింది, దాంతో నూగుకి ఈ గాయం ఉండదు. అడగాల్సిన ప్రశ్న ఏమిటంటే: "దారం చేత్తో వడికిందా, మిల్లులో వడికిందా?" 'చేనేత' అన్న జవాబుతో తృప్తి పడకండి. మిల్లు దారంతో కూడా చేనేత నేయొచ్చు.

నేత దగ్గర మన పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి వాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు. నిలువు దారం పడుగు, అడ్డ దారం పేక, అచ్చులు, పన్నె, పేకని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె, అన్నీ ఉన్నవే. పడుగు దారానికి గంజి పట్టించడం కూడా ఉంది, బియ్యపు గంజే. కశ్మీరీలో ఆ గంజిని 'మాయ' అంటారు. (నవ్వులు) మంచి పేరే. నేత అయ్యేదాకా దారాన్ని కాపాడి, ఉతుకులో మాయమవుతుంది. పూర్తిగా పోకపోతే గుడ్డ కొత్తలో అట్టలా ఉంటుంది. ఆ బిరుసు లోపం కాదు, మొదటి ఉతుకుతో దిగిపోతుంది. బూడిదదాన్ని మీరు 'పొడిగా ఉంది' అన్నారే, అందులో కొంత ఇదే.

ఎక్కువగా నేసేది ట్విల్, ఏటవాలు గీతల నేత. దారం రెండు దారాల మీదుగా దాటడం వల్ల గుడ్డ ఒంటికి తగ్గట్టు ఒదుగుతుంది. వజ్రాల ఆకారంలో చిన్న చిన్న గళ్ళు కనిపించే నేతని చష్మ్-ఎ-బుల్‌బుల్ అంటారు, బుల్‌బుల్ పిట్ట కన్ను.

ఇప్పుడు బూడిదదాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాను, వెనక వరసవాళ్ళు కూడా చూడండి. ఒకచోట దారం జొన్న ఆకు ఈనెలా సన్నగా ఉంది, జానెడు దూరంలో కాస్త లావెక్కింది, మళ్ళీ సన్నబడింది. అలా గుడ్డంతా, ఏ వరసా లేకుండా. ఇది చేత్తో వడికిన జాడ. ఇప్పుడు నీలం గళ్ళది. చూడండి, జల్లెడ గుడ్డలా సమానంగా ఉంది, ఒక్క దారం కూడా మాట తప్పలేదు. ఇది మిల్లుది. అయితే కొన్ని మరనేతల్లో కావాలని ఎగుడుదిగుడు దారం వాడతారు. ఆ లావు సన్నాలు ఒకే ఎడంతో మళ్ళీ మళ్ళీ వస్తాయి. అడుగున్నర దూరం జాగ్రత్తగా చూస్తే లయ పట్టుబడుతుంది.

అలాగని ఎగుడుదిగుడు అంతా కళ కాదు. పొడుగునా ఒకే గీత పోతుంటే పడుగు దారం తెగి అతకలేదని. అడ్డంగా పట్టీలాగా రంగు తేడా వస్తే ఇద్దరు ముగ్గురు వడికిన దారాన్ని కలపకుండా వరసగా పేకలో వాడేశారని. రంగు అద్దాకే అది బయటపడుతుంది. ఇవి లోపాలే. 'చేతిపని కదండీ' అని వాటిని కూడా అమ్మేస్తుంటారు, ధర తగ్గించమనండి.

అంచు చూడండి. నాడె తిరిగొచ్చిన చోట పేక దారం వంపు తిరిగి వెనక్కి వెళ్ళాలి. కత్తిరించి మడిచి కుట్టిన అంచు ఉంటే వెడల్పాటి గుడ్డలోంచి కోసిన ముక్క. తర్వాత కుచ్చులు. చేత్తో వడికిన పష్మీనాకి సాధారణంగా కనురెప్ప వెంట్రుకల్లా పొట్టి కుచ్చులే ఉంటాయి, దారానికి అంతకన్నా ఓపిక లేదు. బొటనవేలంత పొడుగున లావుగా పురి తిప్పిన కుచ్చులు వేలాడుతుంటే పడుగు పట్టుదో, విస్కోసో అని అనుమానించండి. పట్టు పడుగు మీద పష్మీనా పేక వేసినవి నేపాల్ నుంచి చాలా వచ్చాయి, 70 పాళ్ళు పష్మీనా, 30 పాళ్ళు పట్టు. మంచి గుడ్డే, పట్టు అని చెప్పి అమ్మితే.

మగ్గం దిగిన గుడ్డని తోమి తీర్చేవాణ్ణి పుర్జ్‌గర్ అంటారు. సన్న పట్టకారుతో ముడులు, మిగిలిపోయిన వెంట్రుకలు, లావు గుబ్బలు ఒక్కొక్కటీ లాగుతాడు. ఆ తర్వాత ఉతుకు. దీనికి వాడేది మనకి బాగా తెలిసిన కుంకుడుకాయ. తలకీ శాలువాకీ ఒకటే మందు ఎందుకంటే రెండూ కెరాటిన్ అనే ప్రొటీన్ కాబట్టి. పారే నీటిలో ఉతికి, కర్రకు చుట్టి రోజుల తరబడి బిగించి ఉంచితే మడతలు పోయి నేత కుదురుకుంటుంది.

మిల్లు సరుకు అంటే చులకన అనుకోకండి. స్కాట్లండ్, ఇటలీ మిల్లుల మఫ్లర్లలో అద్భుతమైనవి ఉన్నాయి, వాటిని వేరే కొలతతో చూడాలి. స్కాటిష్ మఫ్లర్ మీద నీటి అలలా ఒక మెరుపు కనిపిస్తుంది. తడి గుడ్డని టీజిల్ అనే ఎండిన ముళ్ళ కాయల రోలర్ల మీద పోనిచ్చి, నూగు రేపి, ఒకే దిశలో పడుకోబెట్టి అణుస్తారు. ఇనుప పళ్ళ బ్రష్ అయితే పోగుని తెంపేస్తుంది, కాయ ముల్లు అయితే పోగు తెగేలోపే తాను వంగిపోతుంది. ఇక్కడ చూడాల్సింది అలలో క్రమం, దాని కింద నేత కనిపించడం. నూగు మరీ దట్టంగా రేపితే దుకాణంలో పిల్లి కూనలా ఉంటుంది, కానీ ఆ నూగంతా దారంలోంచి లాగిందే. లోపల దారం బక్కచిక్కి ఉంటుంది. గుడ్డను రెండు చేతులా కొద్దిగా సాగదీసి వదలండి. వెంటనే వెనక్కి రావాలి. సాగిన చోటే ఉండిపోతే నేత వదులు.

ఇక పరీక్షలు. ఉంగరంలోంచి దూర్చి చూపిస్తారే, అది మంచి తమాషా. ఈ ఎర్ర విస్కోస్ చూడండి... (ఉంగరంలోంచి లాగి చూపిస్తూ) వెళ్ళిపోయింది. పల్చటి పట్టు వెళ్తుంది, పల్చటి పాలిస్టర్ వెళ్తుంది. నిండా కుట్టుపని ఉన్న అసలు పష్మీనా ఇరుక్కుంటుంది. ఆ పరీక్ష మర్చిపోండి.

కాల్చే పరీక్ష కొంత పనికొస్తుంది, సరిగా చేస్తే. కుచ్చుల్లోంచి లాగితే పడుగు దారం మాత్రమే వస్తుంది. పట్టు పడుగు ఉన్న గుడ్డ ఇక్కడే మోసం చేస్తుంది. అందుకని అడ్డ దారం ఒకటి, నిలువు దారం ఒకటి, విడివిడిగా కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నల్లటి బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతే జంతువుల పోగు. కాగితం వాసన వచ్చి తెల్లటి బూడిదైతే విస్కోస్ లేదా నూలు. కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్, నైలాన్, అక్రిలిక్ లాంటివి. ఇంతవరకే. గొర్రె ఉన్ని, పట్టు, పష్మీనా మూడూ జుట్టు వాసనే వేస్తాయి. గొర్రె ఉన్నితో కల్తీని నిప్పు పట్టించలేదు. సూక్ష్మదర్శిని పట్టిస్తుంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి; గొర్రెవి మందంగా, దగ్గర దగ్గరగా, పష్మీనావి పల్చగా, ఎడంగా. నిర్ధారణ కావాలంటే ల్యాబు దారి తప్ప వేరే లేదు.

అందుకే ముద్ర. 'కశ్మీర్ పష్మీనా'కి 2008లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాంగ్‌థాంగీ నూగు, 16 మైక్రాన్ల లోపు, చేత్తో వడకాలి, చేత్తో నేయాలి, కశ్మీర్‌లో తయారవ్వాలి. శ్రీనగర్‌లో 2013లో పరీక్షా కేంద్రం వచ్చింది. అక్కడ పరీక్ష నెగ్గిన ప్రతి శాలువాకి విడిగా ఒక సంఖ్య ఉన్న చీటీ అతికిస్తారు, ఆ సంఖ్యతో సరిచూసుకోవచ్చు. 2019లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళు పష్మీనా గుర్తింపుకి, చీటీలకి ఒక ప్రమాణం తెచ్చారు, ఐఎస్ 17269. లద్దాఖ్ పష్మీనాకి 2023లో వేరే జీఐ వచ్చింది. నాంపల్లి నుమాయిష్‌లో కశ్మీరీ దుకాణాల దగ్గరైనా, చలికాలంలో మూట భుజాన వేసుకుని మన వీధుల్లోకి వచ్చేవాళ్ళ దగ్గరైనా ఇదే అడగండి: జీఐ చీటీ ఉందా? లేకపోతే అది నకిలీ అని కాదు. పరీక్షకి పంపని మంచి సరుకు చాలానే ఉంది. లేనప్పుడు ఆ ధర ఇవ్వాలా అన్నది మీ చేతిలో ఉంటుంది.

'షాతూష్ ఉంది, లోపల దాచాను' అని ఎవరైనా చెవిలో చెబితే వెంటనే బయటికి రండి. అది చిరు అనే టిబెట్ జింకను చంపి తీసే ఉన్ని. మేకలా దువ్వడానికి వీలుండదు. దాని వ్యాపారం మన వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎక్కువసార్లు అది షాతూష్ కూడా కాదు లెండి, మామూలు పష్మీనాకి పెట్టిన దొంగ పేరు.

ఇప్పుడు తెల్లది. అంచు నిండా ఉన్న ఈ వంకీని మనం మామిడి పిందె అంటాం. ఇదే కశ్మీర్ నుంచి యూరప్ వెళ్ళి, నకలు నేసిన స్కాటిష్ ఊరి పేరు మీద పైస్లీ అయింది. పిందె కుట్టిందా, నేసిందా అన్నది తెలియాలంటే తిరగేయాలి.

తిరగేస్తున్నాను. ఈ ఆకు చూడండి. వెనకాల కూడా అదే ఆకుపచ్చ, కుట్లు చిన్నవి, కొంచెం వాలుగా ఉన్నాయి, ఒక ఆకు నుంచి పక్క ఆకుకి దారం పాకలేదు. ఇది సోజ్నీ, సూదిపని. వాల్‌నట్ చెక్క అచ్చుతో ముందు గుడ్డ మీద నమూనా అద్ది, దాని మీద కుడతారు. ఎక్కడైనా అచ్చు గీత కుట్టు పక్కన తొంగి చూస్తోందా అని చూడండి. హడావిడి పని అలా బయటపడుతుంది. యంత్రం కుట్టిన దానికి తిరగవైపు వేరే దారం, ఎక్కువగా తెల్లది, మొత్తం పువ్వంతా ఒకే రంగులో కనిపిస్తుంది, పువ్వు నుంచి పువ్వుకి దారం దూకుతుంది. కొక్కెంతో చేసే ఆరీ పనికి పైన గొలుసు కుట్టు, వెనక సన్న గీత. త్వరగా అవుతుంది, ధర తక్కువ ఉండాలి.

'కానీ' అనే ఇంకో పని ఉంది. అది కుట్టు కాదు, నేతే. పేకలో నాడెకి బదులు డజన్ల కొద్దీ చిన్న చెక్క పుల్లలు, ఒక్కో పుల్లకి ఒక్కో రంగు. రంగు ఎక్కడ మారాలో అక్కడ పుల్ల మారుతుంది. ఏ పుల్ల ఎన్ని దారాల మీదుగా అన్నది తాలీం అనే గుర్తుల రాతలో ఉంటుంది. శ్రీనగర్ నుంచి గుల్మర్గ్ దారిలో ఉన్న కానీహామా ఈ పనికి పేరున్న ఊరు. నమూనా దట్టమైతే రోజుకి ఒకటి రెండు సెంటీమీటర్లే నడుస్తుంది. నిండు శాలువాకి నెలలు, కొన్నిటికి ఏళ్ళు. తిరగవైపు చూస్తే రంగు మారిన ప్రతి గీత దగ్గరా రెండు దారాలు చేతులు కలిపిన చిన్న గట్టు వేలికి తగులుతుంది. మరమగ్గం మీద జకార్డ్ అనే నమూనా నేసే పరికరంతో నేసిన నకలుకి గట్టు ఉండదు; వెనక దారాలు వేలాడుతూ, కత్తిరించి ఉంటాయి. అమృత్‌సర్, లూధియానాల్లో అలాంటివి బాగా నేస్తారు, మరనేత అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. 'కానీ' ధర అడిగితేనే తప్పు. (నవ్వులు)

ఇంటికి తెచ్చాక పాడయ్యేది ఎక్కువగా సబ్బు వల్ల. బట్టల పౌడర్లలో ఎంజైములు ఉంటాయి, గుడ్డు మరక, పాల మరక లాంటి ప్రొటీన్‌ని తినేయడానికి. పష్మీనా మొత్తం ప్రొటీనే. ఎంజైము మరకకీ శాలువాకీ తేడా చూడదు. బార్ సబ్బు, వాషింగ్ సోడాల్లోని క్షారం పోగు పొలుసుల్ని విప్పుతుంది. బ్లీచింగ్ అయితే పోగుని కరిగించేస్తుంది. నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పైన తేరిన నీళ్ళు మాత్రమే బకెట్టు చల్లనీళ్ళలో కలపండి. తెల్ల శాలువాకి అది కూడా వద్దు, పసుపు చాయ వస్తుంది. కొద్దిగా షాంపూ చాలు. ఐదు నిమిషాలు ముంచి, పిండకుండా, నలపకుండా నొక్కండి. వేడినీళ్ళూ రాపిడీ కలిస్తే పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని శాలువా ముడుచుకుపోతుంది. అది మళ్ళీ విప్పుకోదు. తువ్వాల్లో చుట్టి నీరు తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే తడి బరువుకి సాగుతుంది.

చిమ్మట సంగతి ఒకరు చీటీ రాసి పంపారు. తినేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్ల పురుగు. చెమట, ఆహారపు మరక ఉన్న చోటే మొదలుపెడుతుంది, అందుకే ఉతక్కుండా దాచకండి. వేపాకు కొంత బెదిరిస్తుంది, లోపల పెట్టిన గుడ్లని ఏమీ చేయలేదు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే లోపల బూజు. పాత నూలు పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి, లేకపోతే అదే గీత దగ్గర తెగుతుంది. కన్నం పడిందా? కవర్లో గాలి లేకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో ఒక వారం పెట్టండి, పురుగు చస్తుంది. తర్వాత రఫూగర్ దగ్గరికి తీసుకెళ్ళండి, దర్జీ దగ్గరికి కాదు. దర్జీ అంచులు దగ్గరికి లాగి కుడతాడు. రఫూగర్ అదే రంగు దారంతో పడుగూ పేకా మళ్ళీ అల్లుతాడు.

నేను చెప్పేది అయింది. భూతద్దం అక్కడే పెట్టాం. ముందు బూడిదదాన్ని వెలుతురుకి పట్టుకుని చూడండి, తర్వాత నీలం, చివర తెల్లదాన్ని తిరగేయండి. ఒక్క మనవి, బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు ఉంగరాలు తీసేసి రండి. రాళ్ళ ఉంగరాలకి దారాలు తగులుకుంటాయి.